ఫారం జ్ఞా-7లో సూరమ్మ పునుగులు

రాష్ట్రంలో ప్రజల జ్ఞాపకాలు ఏటా టన్నులకొద్దీ వృథా అయిపోతున్నాయన్న సంగతి ఏలినవారికి ఒక గురువారం పొద్దున ఇడ్లీ తింటుండగా తెలిసింది. రాజధానిలో ఒక పెద్ద అధికారిగారు పేపరు చివరి పేజీలో నాలుగు గళ్ల కార్టూను చూసి ఫక్కున నవ్వారట. నవ్విన మరుక్షణం ఆయనకి చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో పనసతొన దొంగిలించి గాదె కింద దాక్కున్న ఘట్టం గుర్తొచ్చిందట. గుర్తొచ్చి, కాసేపుండి, పోయిందట. "పోవడమేమిటి? ఎవరి అనుమతితో పోయింది?" అని ఆయన ఇడ్లీ పక్కనబెట్టి నిలదీశారు. ఆఫీసుకెళ్లి ఫైలు తెరిచారు. సాయంత్రం కాఫీ వేళకి 'కార్టూను ప్రేరిత జ్ఞాపక సంపద నమోదు పథకం' పుట్టేసింది.

మనిషికి రోజుకి మూడు జ్ఞాపకాల చొప్పున వేసుకున్నా రాష్ట్రం మొత్తం మీద కోట్ల జ్ఞాపకాలు రసీదు లేకుండా వచ్చి, రసీదు లేకుండా పోతున్నాయని నిపుణులు తేల్చారు. ఈ పని ఏ శాఖకి అప్పజెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, కార్టూన్లు చూసి నవ్వే తీరిక ఉన్న జనం గ్రంథాలయాల్లోనే దొరుకుతారని ఎవరో అన్నారు. అలా అది గ్రంథాలయ శాఖ నెత్తిన పడింది.

ముక్కాలవరం శాఖా గ్రంథాలయానికి సర్క్యులర్ వచ్చిన ఉదయం నూకరాజు తన మామూలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగి రిటైరైన లైన్‌మన్ ఆయన. డెబ్భై దాటాయి. ఇంటికి పేపరు వేయించుకోగలడు. కానీ ఒక్కడే కూర్చుని చదివితే నవ్వు సగంలో ఆగిపోతుందని ఆయన ఫిర్యాదు. నవ్వాక పక్కవాడి కేసి చూడాలి, పక్కవాడు "ఏంటండీ?" అనాలి, అప్పుడు గానీ నవ్వు పూర్తికాదు. అందుకని ఎనిమిదింటికల్లా వచ్చేస్తాడు.

ముక్కాలవరంలో పేపరు రాగానే దాన్ని రేకులు రేకులుగా విడదీసి పంచుకోవడం ఆచారం. ఆటల రేకు డ్రిల్లు మాస్టారు పద్దాలుగారిది. ధరవరల రేకు కిరాణా కొట్టు వాళ్లది. చివరి రేకు నూకరాజుది. ఒకప్పుడు రీడింగ్ రూములో ఫ్యాను బాగుచేసి పెట్టినందుకు దక్కిన హక్కు అది. అందులో అడుగున 'గున్నయ్య - గేదె' ఉంటుంది. మూడు గళ్లలో గున్నయ్య ఏదో ఎత్తు వేస్తాడు, నాలుగో గడిలో గేదె దాన్ని తగలేస్తుంది. పదహారేళ్లుగా ఇదే కథ. పదహారేళ్లుగా నూకరాజు నాలుగో గడి దాకా గేదె ఏం చేస్తుందోనని కంగారు పడుతూనే ఉన్నాడు.

గ్రంథపాలకురాలు హైమావతి కళ్లజోడు సర్దుకుని సర్క్యులర్ పైకి చదివింది.

"చదువరి నవ్విన యెడల, సదరు నవ్వు వలన ఉత్పన్నమైన జ్ఞాపకమును పదిహేను నిమిషముల లోపు ఫారం జ్ఞా-7 నందు మూడు ప్రతులలో నమోదు చేయించవలెను. జ్ఞాపకము లేకుండా నవ్వుట నిష్ఫల హాస్యముగా పరిగణింపబడును. ప్రతి శాఖ నెలకు నలభై జ్ఞాపకములకు తక్కువ కాకుండా పంపవలెను."

"నిష్ఫల హాస్యం అంటే ఏంటమ్మా?" అన్నాడు నూకరాజు.

"ఊరికే నవ్వడం, బాబాయిగారూ."

"ఊరికే కాక మరెలా నవ్వుతారు?"

హైమావతి దగ్గర దానికి సర్క్యులర్ లేదు.

ఫారం చూసి అందరూ ముచ్చటపడ్డారు. నవ్వు తీవ్రత అని ఒక గడి: చిరునవ్వు, ఇకిలింపు, పగలబడుట, వర్తించని వాటిని కొట్టివేయుడు. జ్ఞాపకం ఎవరి పేరున ఉన్నది, ఉమ్మడిదా, స్వార్జితమా అని మరో గడి. ఆ కింద, పొలం దస్తావేజులో రాసినట్టు, జ్ఞాపకానికి నాలుగు వైపులా హద్దులు. తూర్పున ఏమున్నది, పడమర ఏమున్నది, అన్నీ రాయాలి.

మొదటి వారం జనం ఉత్సాహంగానే నవ్వారు. పద్దాలు మాస్టారు తాను బావిలో పడ్డ సంగతి గుర్తుచేసుకుని ముందుగా నమోదు చేయించారు. అయితే ఆ బావి పక్క మండలంలో ఉంది. జ్ఞాపకం జరిగిన చోటు మన పరిధిలో లేదని ఫారం అక్కడికి పంపారు. వాళ్లు తిప్పికొట్టారు. సదరు బావిని పూడ్చి కల్యాణ మంటపం కట్టినందున అందులో ఎవరూ పడే అవకాశం లేదనీ, దరఖాస్తుదారుని జ్ఞాపకము నమ్మదగినదిగా లేదనీ రాశారు. మాస్టారు మోకాలి మీద మచ్చ చూపించారు. మచ్చకి సర్వే నంబరు లేదన్నారు.

రెండో వారానికి జనానికి తెలివొచ్చింది. నవ్వితేనే కదా ఈ గొడవ! పరామర్శకి వచ్చినవాళ్లలాగా మొహాలు పెట్టుకుని కార్టూన్లు చదవడం నేర్చుకున్నారు. మరీ ఆగకపోతే పేపరు బల్ల మీద పెట్టేసి, గేటు దాటి, ఎదురుగా సోడా బండి దగ్గరికెళ్లి నవ్వుకుని వచ్చేవారు. రీడింగ్ రూమ్ నిశ్శబ్దంగా ఉంటోందని హైమావతికి పైనుంచి ప్రశంస వచ్చింది. జ్ఞాపకాలు తగ్గాయని అదే కవరులో మెమో కూడా వచ్చింది.

నూకరాజు నెలంతా కండువా కొరుక్కుని నెట్టుకొచ్చాడు. ఆఖరి రోజున దొరికిపోయాడు.

ఆవేళ గున్నయ్య పొట్లం నిండా బజ్జీలు కొనుక్కుని, తింటూ, పొట్లం కాగితం మీద ఉన్న వార్త చదువుతున్నాడు. రెండో గడిలో వార్త మంచి పట్టులో పడింది. మూడో గడిలో గేదె బజ్జీలతో పాటు కాగితం కూడా నమిలేసింది. నాలుగో గడిలో గున్నయ్య గేదె నోరు రెండు చేతులా తెరిచి, లోపలికి తలపెట్టి మిగతా వార్త చదువుకుంటున్నాడు.

నూకరాజు నోట్లోంచి కండువా జారిపోయింది. ఆయన నవ్వుకి పైన ఫ్యాను మీద ఉన్న పావురం లేచిపోయింది. కళ్లవెంట నీళ్లు కారుతుండగా పక్కన పద్దాలు మాస్టారి కేసి చూశాడు. మాస్టారు జాలిగా తల తిప్పుకున్నారు.

హైమావతి ఫారం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"బాబాయిగారూ, ఇవాళ ముప్పయ్యో తారీకు. ముప్పైతొమ్మిది పంపాను. ఒక్కటి తగ్గితే నన్ను జిల్లా ఆఫీసుకి రమ్మంటారు. మీకేదన్నా గుర్తొచ్చిందాండి?"

"రావడం వచ్చిందమ్మా. కానీ ఇది ఎవరికీ చెప్పలేదెప్పుడూ."

"నాకు చెప్పండి," అంది. ఆ గొంతులో ఉన్నది టార్గెట్ ఒక్కటే కాదు. నిజంగానే వినాలనిపించినట్టుంది. నూకరాజు చెప్పాడు.

వాళ్లమ్మ సూరమ్మ పడవల రేవు దగ్గర పునుగులు వేసేది. అక్షరం ముక్క రాదు. పొట్లాలకి పాత పేపర్లు తూకానికి కొనేది. చివరి పేజీలో బొమ్మలుంటాయనీ, బొమ్మలున్న పొట్లమైతే జనం తిన్నాక కూడా అక్కడే నిలబడతారనీ కనిపెట్టింది. ఒకనాడు చివరి పేజీ ఒక్కటే మిగిలింది. ఎదురుగా ఇద్దరు బేరగాళ్లు. చలమయ్య, భద్రయ్య అనే తోడల్లుళ్లు. ఏదో పెళ్లిలో ఒకరి ఆకులో ముందు పప్పు వేశారని పదకొండేళ్లుగా వాళ్లకి మాటల్లేవు. సూరమ్మ బొమ్మల గళ్లు లెక్కపెట్టి కాగితం పర్రున చింపింది. మూడు గళ్లు చలమయ్య పొట్లానికి, ఒక గడి భద్రయ్య పొట్లానికి.

"అందులో ఒకడు కోళ్లగూట్లో దూరతాడమ్మా. అక్కడిదాకా చలమయ్యగారి కాయితం. బయటికొచ్చేసరికి వాడికి పంచె ఉండదు. అది భద్రయ్యగారి కాయితం. ఈయనకేమో తర్వాతేమైందో తెలీదు. ఆయనకేమో పంచె ఎలా పోయిందో తెలీదు. పునుగులు అయిపోయినా ఇద్దరూ కదల్రు. ఆకరికి చలమయ్యగారు కాలవ కేసి చూస్తా, 'కోళ్లగూట్లో ఎందుకు దూరాడో నాకు తెలుసు' అన్నారు. భద్రయ్యగారు కూడా కాలవ కేసే చూస్తా, 'పంచె లేకుండా వచ్చాడని నాకు తెలుసు' అన్నారు. అంతే. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే పడవెక్కి వెళ్లారు."

"తర్వాత?"

"తర్వాత్నించి మా అమ్మకి అదే పని. ఎవరెవరికి మాటల్లేవో కనుక్కునేది. మూడు గళ్లు ఇటు, ఒక గడి అటు. అత్తాకోడళ్లు, అన్నదమ్ములు, ఒకసారి పడవ సరంగూ కరణంగారూ. చదువు రాదు కదా, కథేంటో ఆవిడకెప్పుడూ తెలీదు. జనం దగ్గరికి జరిగి నవ్వుకుంటంటే చూసి తనూ నవ్వేది. అదండి."

హైమావతి కొంగుతో కళ్లు తుడుచుకుని కలం తీసింది. మనిషి మంచిది. మంచివాళ్లు ఫారాలు శ్రద్ధగా నింపుతారు, వచ్చిన చిక్కల్లా అదే. తేదీ ఎప్పుడంటే నూకరాజు "కాలవకి గండి పడ్డ ఏడు, వినాయకచవితి వెళ్లిన మూడోనాడు" అన్నాడు. పాత పంచాంగం వెతికి తేదీ వేసింది. తూర్పున కాలవ, పడమర ఉప్పు కొట్టు, ఉత్తరాన పడవలు, దక్షిణాన భద్రయ్య అని హద్దులు రాసింది. 'వినియోగించిన సామగ్రి' అన్న చోట మినప్పిండి, నూనె, పాత పేపర్లు అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

నలభై పూర్తయ్యాయి. ఇరవై రోజులకి నోటీసు వచ్చింది.

"శ్రీమతి సూరమ్మ, పునుగుల దుకాణం, పడవల రేవు, ముక్కాలవరం వారికి. మీరు ముద్రణ సిరా గల కాగితములలో నూనె పదార్థములను పొట్లము కట్టి ప్రజలకు విక్రయించినట్లు తమ కుమారుని జ్ఞాపకము ద్వారా రుజువైనది. తగు సంజాయిషీతో స్వయముగా హాజరు కావలెను."

నూకరాజు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవలేకపోయాడు. నోటీసు వెనకాలే జిల్లా స్మృతి పరిశీలనాధికారి దైవాధీనంగారు తోలుసంచీతో గ్రంథాలయంలో దిగారు. ఎవరినీ నొప్పించే మనిషి కాదాయన. నిబంధన చెప్పేముందు చిన్నగా దగ్గి క్షమాపణ కోరుకుంటారు.

"అయ్యా, మా అమ్మ పోయి ముప్పయ్యేళ్లయిందండి," అన్నాడు నూకరాజు.

దైవాధీనంగారు దగ్గారు. "నా సానుభూతి. అయితే జ్ఞాపకం తేదీ నాటికి ఆవిడ సజీవులే కదండీ. మేం ఆ తేదీకే నోటీసు ఇచ్చాం."

"ఆ తేదీన ఈ రూలు లేదు కదండీ."

"రూలు ఇవాళ్టిది. జ్ఞాపకం కూడా ఇవాళ్టిదే. మీకు గుర్తొచ్చింది గత నెల ముప్పైన. కాబట్టి నేరం ప్రస్తుత ఆర్థిక సంవత్సరంలోనే జరిగింది."

హైమావతి కల్పించుకుంది. "సార్, తప్పు నాది. పేపర్లని రాయకుండా ఉండాల్సింది. దిద్దడానికి వీలుందా?"

"ఎందుకు లేదమ్మా! పౌరులకి సాయం చేయడానికే కదా మేమున్నది." దైవాధీనంగారి మొహం విచ్చుకుంది. సంచీలోంచి సవరణ ఫారం తీశారు. "అమ్మగారు పునుగులు అరిటాకులో కట్టినట్టు సవరించుకుందాం. ఆరోగ్యకరం, పర్యావరణహితం."

"అరిటాకు మీద కార్టూన్ ఎలా ఉంటుందండి?" అన్నాడు నూకరాజు.

అధికారిగారు ఆలోచనలో పడ్డారు. "ఉండదు. కార్టూను లేకపోతే ఈ జ్ఞాపకానికి పథకంతో సంబంధం ఉండదు. సంబంధం లేకపోతే ముప్పయ్యో తేదీ మీ నవ్వు నిష్ఫల హాస్యం అయిపోతుంది. అది మీ మీద వేరే కేసు." ఇంకాస్త ఆలోచించారు. "పేపర్ని ఉంచి పునుగులు తీసేద్దాం. అమ్మగారు రేవు దగ్గర ఊరికే కూర్చుని జనానికి కాగితం ముక్కలు పంచారు."

"ఎందుకండి పంచడం? పిచ్చిదా మా అమ్మ?"

"వైద్య ధ్రువపత్రం జతపరిస్తే ఆ కోణం కూడా పరిశీలించవచ్చు."

నూకరాజుకి కోపం నషాళానికంటింది. కుర్చీలోంచి లేచాడు. "మా అమ్మ పునుగులు వేసిందండి. పేపర్లోనే కట్టింది. వేడివేడిగా కట్టింది. ఏం రాసుకుంటారో రాసుకోండి."

"మీరు ఉద్వేగానికి లోనవుతున్నారు," అన్నారు దైవాధీనంగారు మెత్తగా. "నిబంధన లోనవలేదు. విచారణ ముగిసేదాకా సదరు జ్ఞాపకాన్ని సీజు చేస్తున్నాం." ఫారం కవరులో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి ముద్రవేశారు. "ఈలోగా మీరు దీన్ని వాడకూడదు."

"గుర్తొస్తే?"

"వచ్చిన సమయం, ఉన్నంతసేపు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. మేం తనిఖీ చేసుకుంటాం."

విచారణకి ఉన్న ఆ పది రోజులూ నూకరాజు పడ్డ బాధ ఇంతా అంతా కాదు. గుర్తుచేసుకోకూడదనుకున్న కొద్దీ సూరమ్మ గంటకోసారి వచ్చేది. అసలు బాధ అది కూడా కాదు. ఇదివరకు వచ్చినప్పుడల్లా పొయ్యి ముందు కూర్చుని నవ్వుతూ వచ్చేది. ఇప్పుడు చేతిలో నోటీసు పట్టుకుని, "ఇందులో ఏం రాశార్రా నాయనా?" అని భయం భయంగా అడుగుతూ వస్తోంది. పోలీసుని చూసినా భయపడని మనిషి. అరవయ్యేళ్లు మాసిపోకుండా దాచుకున్నదాన్ని పదిహేను నిమిషాల్లో చేజేతులా పాడుచేసుకున్నానని నూకరాజు కుమిలిపోయాడు. గున్నయ్యని చదవడం మానేశాడు. చివరి రేకు బల్లమీద పడి ఉన్నా ఎవరూ ముట్టుకోలేదు.

విచారణ రోజున హైమావతి సెలవు పెట్టి వెంట వచ్చింది. జిల్లా ఆఫీసు మేడమీద ఉంది. కింద బస్టాండు. వరండా నిండా జనం. ఒకాయన తన బాల్యం మీద ఇంకొకరు దరఖాస్తు పెట్టుకున్నారని గోల చేస్తున్నాడు. ఇంకొకావిడ పెళ్లిచూపుల జ్ఞాపకానికి మొగుడు సంతకం పెట్టనంటున్నాడని, ఆ రోజు తనక్కడ లేనంటున్నాడని ఏడుస్తోంది.

దైవాధీనంగారు నూకరాజుని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక కాగితం ముందుకు తోశారు.

"మీ పరిస్థితి చూసి నేనే పైవాళ్లతో మాట్లాడాను. ఇది విస్మరణ ధ్రువపత్రం. సదరు సంఘటన మీకు గుర్తు లేదనీ, భవిష్యత్తులో గుర్తురాదనీ, వచ్చినా అది మీది కాదనీ ఒక్క సంతకం చేశారంటే అమ్మగారి మీద కేసు కొట్టేస్తాం. లేదంటే ఆవిడ పేరు కల్తీదారుల జాబితాకి ఎక్కుతుంది. ఆ పైన నేను చేయగలిగింది లేదు."

నూకరాజు కలం అందుకున్నాడు. అమ్మ పేరు ఆ జాబితాలో పడితే తట్టుకోలేడు. సంతకం పెడితే అమ్మే ఉండదు. కలం కాగితం మీద ఆనించాడు. హైమావతి కిటికీ కేసి తిరిగి నిలబడింది.

"ఒక్క నిమిషం," అన్నారు దైవాధీనంగారు. "సంతకానికి ముందు ప్రతివాదిని పిలవాలి. మూడు పిలుపులు. అది తప్పనిసరి." గంట కొట్టారు.

అటెండరు వరండాలోకి వెళ్లి, గొంతు సవరించుకుని అరిచాడు.

"పునుగుల సూరమ్మా! పడవల రేవు పునుగుల సూరమ్మా!"

నూకరాజు కలం ఆగింది.

ముప్పయ్యేళ్లయింది ఆ పేరు ఎవరి నోటనైనా విని. ఆయన "అమ్మా" అన్నాడే గానీ పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. పిలిచేవాళ్లంతా ఆవిడతోనే పోయారు. రేవులో పడవ దిగుతూనే జనం అలాగే పిలిచేవారు, ఆ మాట మీద అలాగే దీర్ఘం తీసి.

"పునుగుల సూరమ్మా!"

రెండో పిలుపుకి నూకరాజు మనసులో నోటీసు పట్టుకున్న సూరమ్మ మాయమైపోయింది. పొయ్యి ముందు కూర్చున్న సూరమ్మ, బేరగాడెవడో చూద్దామని చిల్లుల గరిటె పట్టుకునే తలతిప్పింది. మొహం మీద పిండి మరక.

నూకరాజు కలం కింద పెట్టేశాడు. "అయ్యా, సంతకం పెట్టకపోతే ఇవాళే జాబితాలో ఎక్కించేస్తారా?"

"ఇవాళే ఎలా కుదురుతుంది? ప్రతివాది రాలేదు కదా. వచ్చే నెల మళ్లీ పిలుస్తాం."

"మూడుసార్లా?"

"నిబంధన ప్రకారం మూడుసార్లు."

"వచ్చే నెలా రాకపోతే?"

"ఆపై నెల. ప్రతివాది వాదన వినకుండా చర్య తీసుకోం. ఆవిడ హాజరయ్యేదాకా పిలుస్తూనే ఉంటాం."

"ఇంత గట్టిగానేనా అండీ?"

"గట్టిగానే. బస్టాండు దాకా వినపడాలని సర్క్యులర్ ఉంది."

నూకరాజు విస్మరణ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి అధికారిగారికి భద్రంగా తిరిగిచ్చాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మూతి మీద నవ్వు ఆగడం లేదు. "అయితే పిలవండి బాబూ. మూడోది ఉండిపోయింది. కాస్త గొంతు పెంచమనండి, మా అమ్మకి కుడిచెవి సరిగా వినపడదు."

అటెండరు పిట్టగోడ దగ్గరికి నడిచి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, ఉన్న శక్తంతా కూడదీసుకుని పిలిచాడు. కింద బస్సెక్కబోతున్న జనం ఆగి తలెత్తి చూశారు.

"పునుగుల సూరమ్మా! హాజరు కావాలి!"

దైవాధీనంగారు రిజిస్టరు తెరిచి తలుపు కేసి చూశారు. నూకరాజు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఈ వాయి దించేసి వచ్చేస్తాదండి," అన్నాడు.

దైవాధీనంగారు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశారు. దగ్గారు. తర్వాత కలం సిరాలో ముంచి, "ప్రతివాది ప్రస్తుతము పొయ్యి వద్ద ఉన్నందున గడువు ఇవ్వడమైనది" అని రాసుకున్నారు.